ఆగని చెయ్యి

జూన్ రెండో ఆదివారం, మధ్యాహ్నం. సుబేదారిలో మా ఇల్లు. ఉన్నవాళ్లు: నేను, మా చెల్లె, ఆమె కొడుకు.

మేనల్లుడు పదిహేడేళ్లు యుద్ధవిమానం ఒంటరిగా నడిపాడు. ఇప్పుడు చిన్న ఊళ్లకు తిరిగే విమానాల కంపెనీలో చేరాలి. మొదటి పరీక్షలో పక్క పైలట్‌ను అడగకుండా అన్నీ తానే చేసి తప్పాడు. మరునాడు రెండోది, అదే ఆఖరు.

ఇంట్లోనే సాధన: పక్క పైలట్‌ బదులు నేను చెక్‌లిస్ట్ చదవాలి. అతను విని, బదులు చెప్పాకే స్విచ్ వేసినట్టు చెయ్యి కదపాలి. నా మాట సగంలో ఉండగానే ఆ చెయ్యి గాలిలో మూడు స్విచ్‌లు దాటిపోయేది.

"గిదంత నాకు ఎర్కే మామా."

"ఎర్కైతే మొన్నెందుకు తప్పినవ్?"

"జర మామను చదవనియ్యిరా," అంది చెల్లె. "అన్నం తినేటప్పుడు గూడ ఎవలో ఎన్కపడ్డట్టే జేస్తవ్."

అతను నవ్వలేదు. లేచి గదంతా తిరిగాడు. మళ్లీ కూర్చుని, చేతిని తొడ కింద నొక్కి పెట్టుకున్నాడు.

"సదువు మామా."

సాయంత్రం హైదరాబాదు బస్సెక్కేదాకా చదివించాడు.

మరునాడు ఉదయం పదకొండింటికి ఫోన్ చేశాడు.

"పాసైన మామా. నడుమ ఒక తప్పు జేసిన. పక్కసీట్ల పైలట్ పిల్ల, నాకంటె పదహారేండ్లు చిన్నది, 'సార్, తప్పు' అన్నది. అవునన్న, దిద్దుకున్న. గందుకే పాస్ జేసిన్రట."