ఐసు ఫ్యాక్టరీకి వేలిముద్రలు

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. టైపిస్టు ఉద్యోగం చేసేవాళ్ళకి ఈ జబ్బు తొందరగా పట్టుకుంటుంది. రోజంతా ఎవరెవరివో "తమ విధేయుడు"లు కొడుతూ కూర్చుంటే విధేయత ఏపాటిదో తెలిసిపోతుంది మరి.

మా ఆయన విశాఖపట్నం పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. గోదావరి జిల్లా మనిషి, మెత్తటి మాట. ఓసారి రేకు తగిలి ఎడమచేతి బొటనవేలు ఏటవాలుగా తెగితే పదిహేను రోజులు ఇంట్లోనే ఉన్నాడు. అదిగో, అప్పుడే కంపెనీ పురుగు బుర్రలో దూరింది. డెబ్భైల చివరి రోజులవి. ఉక్కు ఫ్యాక్టరీ వచ్చేస్తోందని ఊళ్ళో ప్రతివాడూ ఏదో ఒక కంపెనీ పెట్టేస్తానని తిరిగేవాడు. ఈయనది ఐసు ఫ్యాక్టరీ, జాలరిపేట పక్కన. "సముద్రంలో చేపలున్నంత కాలం ఐసుకి ఢోకా లేదే" అనేవాడు.

దీనికో భాగస్తుడు కూడా తగిలాడు. వన్ టౌన్‌లో టోకు ఉప్పు కొట్టు అతనిది. మా ఆయన్ని "బావా" అని, నన్ను "సెల్లెమ్మా" అని వరసలు కలిపేసేవాడు. జేబులో సెంటు రుమాలు. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

బ్యాంకుకి ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలన్నారు. అద్దెకో టైపు మిషను తెచ్చి నా ముందు పెట్టారు. ఏ యంత్రం కావాలి, నీళ్ళెక్కణ్ణించి వస్తాయి, కరెంటు పోతే గడ్డలు కరగకుండా ఏం చేస్తాం, ఇవన్నీ మా ఆయన గడగడా చెబుతుంటే నేను కొట్టాను. కంప్రెసరు గురించి చెప్పేటప్పుడు ఆయన మొహం చూస్తే ముచ్చటేసింది, నిజం చెప్పొద్దూ. ఆ తర్వాత "మార్కెట్" అనే పేజీ వచ్చింది. దాని కింద ఒక్కటే ముక్క చెప్పాడు: జాలరిపేట తెప్పలన్నీ మన ఐసే కొంటాయి.

"కొంటాయని ఎవరు చెప్పారు?" అన్నాను.

"కొనక ఏం చేస్తాయే?"

"అలా కుదరదు. కొంటామని వాళ్ళ చేత రాయించుకు రండి. అప్పుడే మీ రాజీనామా టైపు చేస్తాను."

పర్మనెంటు ఉద్యోగం, క్వార్టర్సు. ఒకసారి వదిలేస్తే మళ్ళీ రమ్మన్నా రావు. నా భయమల్లా అదే.

వారం తిరక్కుండా కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. రాత అంతా ఉప్పు కొట్టాయనది. ప్రతి కాగితం కింద ఊదారంగు వేలిముద్ర. "సూసావా సెల్లెమ్మా, జాలరిపేట మొత్తం మనదే!" అన్నాడు. ఇంత తొందరగా ఇంతమంది ఎలా ఒప్పుకున్నారో నాకు అంతుపట్టలేదు.

ఆ ఆదివారం పొద్దున్న మాకు రోజూ చేపలిచ్చే ఆవిడ గంప దించింది. నేనెప్పటిలాగే మొప్పలెత్తి చూసి, "ఐసు చేప కాదు కదా?" అని అడిగాను. అడిగాక నాకే ఎక్కడో గుచ్చుకుంది.

"మీరంతా ఐసు పెట్టరా?" అన్నాను మెల్లిగా.

"ఐసెందుకమ్మా? రేత్రి ఏటకెల్లిన తెప్ప తెల్లారేసరికి ఒడ్డుకొచ్చెత్తాది. ఐసెట్టిన సేపంటే నువ్వు కొంటావేటి?"

కొనను. కాగితాల కట్ట తెచ్చి వెతికితే వాళ్ళాయన పేరు దొరికింది. "మరి మీ ఆయన ఐసు కొంటానని వేలిముద్ర వేశాడే?"

ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టింది. "మావోడు ముద్దరెందుకేత్తాడమ్మా? సర్చి బళ్ళో సంతకం నేర్సుకున్నాడు!"

ఆవిడ వెళ్ళగానే కాగితాలన్నీ వరసగా పరిచాను. ఒక్కో ముద్రా కిటికీ వెలుగులో పెట్టి చూశాను. అన్నిట్లోనూ ఒకటే గీత, ఏటవాలుగా. దొంగ దొరికాడు! ఉప్పు కొట్టాయన మా ఇంటికి రాగానే కావాలనే నిండు గ్లాసుతో కాఫీ ఇచ్చి రెండు బొటనవేళ్ళూ పరకాయించాను. గీత కాదు కదా, గోరంత గాటు లేదు.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి కూర్చున్నాడు. కుడిచేత్తో కలుపుకుంటూ ఎడమచేత్తో మజ్జిగ గ్లాసు ఎత్తాడు. గోరు పక్కన సిరా ఇంకా పోలేదు. ఆ గాటుకి పదిహేను రోజులు కట్టు కట్టింది నేనే. ఊరందర్నీ అనుమానించాను గానీ ఈ వేలి మీదికి నా బుద్ధి పోలేదు.

కాగితాలు కంచం పక్కన పెట్టాను. "ఇవి బ్యాంకులో చూపిస్తే పోలీసుల్ని పిలుస్తారు, తెలుసా?" అని గట్టిగా అరిచాను.

ఆయన అరవలేదు. "బ్యాంకువాళ్ళు ఇవి అడగలేదే" అన్నాడు. "అడిగింది నువ్వు. నీకు చూపించడానికే వేశాను."

ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

రిపోర్టు బ్యాంకు గడప తొక్కలేదు. మా ఆయన రిటైరయ్యేదాకా ఆ వర్క్‌షాపులోనే చేశాడు. తెప్పలు ఐసు కొననూ లేదు, క్వార్టర్సు పోనూ లేదు, నా మాటే నెగ్గింది. కానీ ఆ తర్వాత ఏ కోరిక పుట్టినా నాకు చెప్పడం మానేశాడు. వరండాలో కూర్చుని ఏదో ఆలోచిస్తుంటే, "ఏమిటండీ?" అని అడిగేదాన్ని. "ఏం లేదే" అనేవాడు.

ఆ మాట నేను ఒక్కనాడూ నమ్మలేదు.