లాంతరు పూలు రాలిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు, హిందీ నాట మా తెలుగువాళ్ల బస్తీ సీతారాండేరాలో చలికాలం వచ్చిందంటే మా పక్కింటి అక్కకు లోకంలో ఇంకేమీ పట్టేది కాదు. పూల పోటీ దగ్గరపడేది మరి. నర్సరీవాళ్లు అబుటిలాన్ అంటారే, తలకిందులుగా వేలాడే ఆ పూలను మేం లాంతరు పూలనేవాళ్లం. అక్క దగ్గర వాటిలో చాలా రకాలుండేవి. నారింజ రేకుల మీద ఎర్రటి ఈనెలున్నది ఒకటి, ఎర్ర బుడ్డిలోంచి పసుపు పువ్వు తొంగిచూసేది ఇంకొకటి. ఆకుల నిండా పసుపు చల్లినట్టు మచ్చలుండే రకమంటే ఆమెకు ప్రాణం. గుబురుగా పెరగాలని ఆమె చివుళ్లు గిల్లుతుంటే నాకు ఏడుపొచ్చేది. "గిల్లకపోతే కర్రలా ఎదిగిపోతాది. మొక్కయినా, నువ్వయినా అంతే" అని నా చెవి మెలేసేది.

ఆ ఏడు చలి మరీ ఎక్కువ. తెల్లారితే పోటీ, కుండీల్లో మొగ్గలు మాత్రం బిగుసుకుని కూర్చున్నాయి. వెచ్చగా ఉంటే విచ్చుకుంటాయని అక్క ఉదయమే కుండీలు ముందుగదిలో చేర్చి, తలుపులు, కిటికీలు మూసేసింది. బకెట్టుకు మట్టి మెత్తి చేసిన బొగ్గుల సిగ్డీని వాకిట్లో రాజేసి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రబడ్డాక లోపల పెట్టింది. మా వీధిలో అందరిదీ అదే పద్ధతి. పొగ పోయిందంటే ఇక భయం లేదని మా నమ్మకం.

భోజనాలయ్యాక నేనూ అక్కా మొగ్గలకు కాపలా కూర్చున్నాం. ఆమె చిన్న తమ్ముడు బొంత కప్పుకుని మంచం మీద నిద్రపోయాడు. కాసేపటికి నాకు తలనొప్పి మొదలైంది. గాలి లేదు, ఎవరూ తాకలేదు, అయినా ఆ వెచ్చదనానికి విచ్చుకున్న పువ్వొకటి టప్పున రాలింది. తర్వాత వరసగా ఇంకొన్ని. ఏరడానికి అక్క లేవబోయి, లేవలేక నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అప్పుడే మా తాతయ్య కిటికీ అద్దంలోంచి చూశాడు. ఉక్కు కార్ఖానాలో బొగ్గు కాల్చే కోకు బట్టీల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. వాడిపోకుండానే నేలంతా రాలిన పూలను, గోడకు జారగిలబడిన మమ్మల్ని చూసి ఒక్క కేక పెట్టాడు.

"ఒలే అమ్మీ! ఆవు దూరీసినాది! పెరట్లో నీ మొక్కలన్నీ తినేత్తంది!"

అక్కకు ఎక్కడలేని సత్తువ వచ్చింది. తలుపు తీసుకుని వరండా దాకా వెళ్లి కూలబడింది. నేను ఆమె వెనకే పాక్కుంటూ వచ్చాను. తాతయ్య ఊపిరి బిగబట్టి లోపలికి దూరి, పిల్లాణ్ని బొంతతో సహా ఎత్తుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టాడు. వాడు కదల్లేదు. తాతయ్య బుగ్గలు తడుతూ, పేరుపెట్టి పిలుస్తూనే ఉన్నాడు. ఎంతకో వాడు దగ్గి, కక్కుకుని, ఏడుపందుకున్నాడు. అంత మంచి ఏడుపు నేను మళ్లీ వినలేదు.

"ఆవేదీ తాతా?" అంది అక్క నీరసంగా.

"ఆవూ లేదు, గీవూ లేదు. బొగ్గుల గేసు నిండిపోనాదంటే మీరు కదుల్తారేటి? పొగేదీ అని నాతో వాదులాడుదురు. దానికి రంగుండదు, వాసనుండదు. మీకంటే ముందు ఆ పువ్వులికి తెలిసినాది."

మర్నాడు అక్క పోటీకి వెళ్లలేదు. తమ్ముణ్ని ఒళ్లోంచి దించితే కదా!

నాకిప్పుడు మనవలున్నారు. ఇంట్లో సిగ్డీ లేదు, బొగ్గూ లేదు. అయినా చలికాలంలో పిల్లలు చప్పుడు లేకుండా పడుకుంటే నా మనసు ఒప్పదు. వెళ్లి కిటికీ తెరిచి, భుజం తట్టి లేపుతాను. "క్యా హై నానీ, సోనే దో" అని, పడుకోనివ్వనందుకు ఈ అమ్మమ్మ మీద విసుక్కుంటారు. ఆ విసుగు చెవిన పడ్డాకే నేను పడుకుంటాను.