పందికొక్కుకు ఆ పేరు పెట్టినవాళ్లు

కరోనా పోయిన మరుసటి ఏడు, రోహిణి కార్తె. పినపాక అవతల అడవి అంచున ఉన్న ఒక గూడెం నుంచి మాకు ఫోను వచ్చింది. నేనూ మా ఆయన నాగులూ చేసే పని బొక్కలు తవ్వడం. పొలం గట్లలోనో ఇళ్లలోనో ఎలుకలు, పందికొక్కులు చేరితే మమ్మల్ని పిలుస్తారు. మా సామాను ఎంతో లేదు. ఒక గడ్డపార, ఒక వల, ఒక పొగకుండ. పొగకుండ అంటే అడుగున చిల్లి ఉన్న మట్టికుండ. అందులో గడ్డి కుక్కి నిప్పు పెట్టి, మూతిని బొక్కకు ఆనించి, చిల్లిలోంచి ఊదితే లోపలున్నది ఉక్కిరిబిక్కిరై ఇంకో దారిన బయటపడుతుంది. నేను బడికి పోయింది కొద్దిరోజులే. ఈ విద్య మాత్రం మా అత్త దగ్గర నేర్చుకున్నాను.

పిలిచింది ముత్తమ్మక్క. ఒంటరి మనిషి, కొద్దిపాటి చేను. వాళ్లమ్మ నాటి నుంచి ఒక రకం ఎర్ర వడ్లు పండిస్తుంది. చుట్టుపక్కల అందరూ కొట్లో కొనే సంచి విత్తనాలకు మళ్లాక ఆ రకం ఆమె దగ్గరే మిగిలింది. విత్తనానికని కొన్ని వడ్లు వెదురు గుమ్మిలో పోసి, పైనా చుట్టూ పేడమట్టితో అలికి మూస్తుంది. గుమ్మిని రాళ్ల మీద నిలబెట్టడం అక్కడి పద్ధతి. ఆ ఏడు మాత్రం, పొయ్యి సెగ తగిలితే పురుగు పట్టదని, పొయ్యి పక్కన నేల మీదే దింపింది. పైన అలుకు చెక్కుచెదరలేదు కనుక అనుమానం రాలేదు. నారు పోద్దామని మూత పగలగొట్టి చూస్తే లోపలంతా ఖాళీ. అడుగున నా చేయి దూరేంత బొక్క.

"ఎలుకనుకొని బోను పెట్టిన చెల్లె. బోనునే బోర్లేసి పోయింది," అంది ముత్తమ్మక్క. "మా అమ్మ ఇచ్చిన విత్తనం. నా చేతుల్నే అంతమైతదా ఏంది?"

మాకంటే ముందే ఏఈఓ సుజాత మేడం వచ్చి ఉంది. ఏఈఓ అంటే ఊరూరా తిరిగి రైతులకు సలహాలు చెప్పే వ్యవసాయ ఉద్యోగి. మధిర వైపు అమ్మాయి. మందు ప్యాకెట్టు తెచ్చింది కానీ విప్పలేదు.

"మందు పెడితే అది లోపలే చస్తుంది. వడ్లన్నీ పాడైపోతాయి," అంది.

పొగ పెడదామంటే, సెగకు మొలక చచ్చిపోతుందేమోనని మా భయం. నీళ్లు పోస్తే వడ్లు నానిపోతాయి. ఇక తవ్వాలి. అయితే ఎటు తవ్వాలో తెలియకుండా తవ్వితే సొరంగం కూలి వడ్లు మట్టిలో కలిసిపోతాయి.

మా ఆయన నేల తడిమి చూస్తుంటే ముత్తమ్మక్క ప్యాకెట్టు వైపు చూసింది. "గా బొమ్మ కింద ఏం రాసిన్రు మేడం?"

"బ్యాండికూట్ అని, ఇంగ్లీషులో. నిజానికి అది మన మాటేనమ్మా. పందికొక్కు అనే మాటను తెల్లవాళ్లు ఇక్కడ విని, వాళ్ల నోటికొచ్చినట్టు పలికారు."

"పేరు తీస్కపోయిన్రు గని, దీన్ని గూడ తీస్కపోతే పీడ పోతుండె!"

మేడం నవ్వింది. "పేరును ఆస్ట్రేలియా దాకా మోసుకెళ్లారు. అక్కడ పొడుగు ముక్కుతో నేల తవ్వే ఇంకో జంతువు కనపడితే దానికీ ఇదే పేరు పెట్టేశారు. దానికి కంగారూకి లాగా పొట్ట దగ్గర సంచి ఉంటుందట."

"సంచి గూడనా!" అన్నాడు మా ఆయన. "మన దానికి లేదు గాబట్టి గుమ్మి ఒక్కటే ఖాళీ అయింది. ఉంటే ఇల్లే ఖాళీ!"

"కొక్కు అంటే ఎలుక జాతిది, సరే. ముందు పంది ఎందుకొచ్చిందో? ముట్టెతో తవ్వుతుందనా?" అంది మేడం.

"అవ్, తవ్వుతది. ఇంకోటి గూడ ఉంది మేడం," అన్నాను. "కోపమొస్తే అచ్చం పంది లెక్క గుర్రుమంటది. ఆగున్రి, మీ చెవులతోనే ఇంటరు."

పగటిపూట పందికొక్కు గూడు వదలదు. వడ్లు దాచేది కూడా గూటి పక్క అరలోనే. అది గుర్రుమన్న చోటు తెలిస్తే ఎటు తవ్వాలో తెలిసినట్టే. దానికి కోపం తెప్పించడానికి మా ఆయన గడ్డపారతో నేల మీద కొట్టి ఆగాడు. నేను చెవి ఆనించాను. పొయ్యి దగ్గర ఏమీ లేదు. గుమ్మి కింద ఏమీ లేదు. వెనక గోడ మూలకు జరిగాం. మేడం ఉతికిన చుడీదారుతోనే నా పక్కన నేల మీద పడుకుని చెవి పెట్టింది. అంత చదివిన పిల్ల, బట్టలు మాసిపోతాయని ఒక్క క్షణం ఆలోచించలేదు. మా ఆయన మళ్లీ కొట్టాడు.

"గుర్రుమంటోంది!" అని గుసగుసగా అంది. ఆ కళ్లలో వెలుగు ఇప్పటికీ నాకు గుర్తే.

గోడ అవతలి నుంచి, సొరంగం కూలకుండా, ముత్తమ్మక్క ఇంట్లోని చిన్న పారతో మట్టి గీరుతూ పోయాం. వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గుర్రుమంటూ, అది సూటిగా మా ఆయన పరిచిన వలలోకి దూకింది. మేడం పెరట్లోని మంచమెక్కేసింది. "దిగు బిడ్డా, గది నిన్నేమంటది!" అని ముత్తమ్మక్క అంత దిగులులోనూ నవ్వింది.

గూటి పక్క అరలో ఎర్ర వడ్లు పొడిపొడిగా ఉన్నాయి. ముత్తమ్మక్క దోసిలి పట్టి చాటలోకి ఎత్తుకుంది. ఒక గింజ కొరికి చూసి, "మా అమ్మవే," అంది.

సగం కూడా దొరకలేదు. ఒక మడికి మాత్రం సరిపోతాయి. ఈ ఏడు ఆ వడ్లు తిననని, పండినదంతా విత్తనానికే ఉంచుతానని ఆమె అప్పుడే చెప్పేసింది. తడి గోనెలో కట్టి చూసి, వారం తిరక్కుండానే ఫోను చేసింది. "మొలక కొట్టినయ్ చెల్లె!"

ఆ పేరును మొదట పలికినవాళ్లెవరో తెలియదు. వాళ్లూ ఏ వడ్లో పోగొట్టుకుని, నేలకు చెవి పెట్టి, కంటికి కనపడని దాని గొంతు విని ఉంటారని నా నమ్మకం. అంత శ్రద్ధగా విన్నారు కనుకనే ఆ మాట సముద్రాలు దాటింది. ఇప్పుడు ఏ ఊరు పోయినా గడ్డపార దించకముందు, దాన్ని అక్కడ ఏమని పిలుస్తారో అడుగుతాను. పేరు పెట్టినవాళ్లు మాకంటే ముందే వచ్చి సగం పని చేసిపెట్టి ఉంటారు.