వెనక్కి పిలవని అంగడి

జపాను భాషలో బట్టలు కొనడం నేను తిరుపతిలో, బస్టాండు దగ్గర ఒక లాడ్జి పై అంతస్తులో నేర్చుకున్నాను. కింద రూములు, పైన మేము, మా తలుపు ముందు యాత్రికులు తడి పంచెలు ఆరేసుకునే వరండా. నర్సింగు చదివి ఏ ఆస్పత్రిలోనూ నిలకడగా ఉద్యోగం దొరకని అమ్మాయిలం గది నిండా ఉండేవాళ్ళం. జపానులో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగాలు ఉన్నాయనీ, భాష వస్తే చాలనీ చెప్పి మమ్మల్ని చేర్చుకున్నారు. గోడకు పెద్ద బ్యానరు కట్టారు. దాని మీద మంచుకొండ, పూలచెట్టు, నవ్వుతున్న జపాను అవ్వ ఉండాలి. కొండా చెట్టూ సరిగ్గానే ఉన్నాయి కానీ అవ్వ మాత్రం ఎటు నుంచి చూసినా పలమనేరు పక్క మనిషే.

మాకు చెప్పే ఆయన తడ ఊరి పక్క ఫ్యాక్టరీలో జపాను ఇంజనీర్ల వెంట తిరిగి భాష నేర్చుకున్న మనిషి. తనను సెన్సే అని పిలవమన్నారు. సెన్సే అంటేనే గురువుగారు అని అర్థమట. ఎంత చెప్పినా ఒట్టి సెన్సే అనడానికి మాకు నోరు రాలేదు. కాలు మీద కాలేసుకుని మాట్లాడినట్టు ఉండేది. అందుకని సెన్సే సార్ అన్నాం. మొదట్లో దిద్దారు, తర్వాత ఆయనే ఫోనులో "నేను సెన్సే సార్‌ని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టారు.

బట్టల పాఠం వచ్చింది. చొక్కా షత్సు, ప్యాంటు జుబోన్, బూట్లు కుత్సు, టోపీ బోషి. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత, నడుముకు పైన వేసుకునేదైతే కిమాస్ అనాలన్నారు, కిందికైతే హకిమాస్, నెత్తికైతే కబురిమాస్. కళ్ళద్దాలకు ఇంకోటి. మనిషిని ముక్కలు చేసి ముక్కకో మాట పెట్టారేమిట్రా అని నవ్వుకున్నాం. చీర కట్టుకుంటాం, రవిక తొడుక్కుంటాం, గాజులు వేసుకుంటాం, పూలు పెట్టుకుంటాం అనే మాకు నవ్వే హక్కు లేదని అప్పుడు తోచలేదు.

"సార్, చీరకేమనాల? పైనా ఉంటాది, కిందా ఉంటాది గదా?" అని ఒకమ్మాయి అడిగింది.

సెన్సే సార్ కాసేపు కిటికీ లోంచి కొండ వైపు చూసి, "అది సిలబస్‌లో లేదు" అన్నారు.

"నైటీ మీద టవలు ఏసుకుంటే సార్?"

అదీ సిలబస్‌లో లేదు. మా చిత్తూరులో పొద్దున పూట సగం మంది ఆడవాళ్ళు సిలబస్ బయటే బతుకుతున్నారని ఆ రోజు తెలిసింది.

అసలు గొడవ మరుసటి పాఠంలో, బట్టల అంగడిలో వచ్చింది. పుస్తకంలో ఒకామె అంగడికి పోతుంది. అంగడామె "ఇరాషైమాసె" అని స్వాగతం చెప్తుంది. ఆ స్వెట్టరు చూపించండి అంటుంది ఈమె. ఇకురా దెస్ కా, ఎంతండీ అంటుంది. అంగడామె ధర చెప్తుంది. "కొరె ఒ కుదసాయ్," అంటే ఇది ఇవ్వండి, అనేస్తుంది ఈమె. అంతే, పాఠం అయిపోయింది. మేమంతా పేజీ తిప్పి చూశాం. వెనక పేజీలో పోస్టాఫీసు ఉంది.

"బేరం యాడ సార్?"

"బేరం లేదు."

"బేరం లేకుండా కొనేదెట్ల సార్?"

"చెప్పిన రేటుకు కొనేదే."

ఆ దేశంలో భూకంపాలు వస్తాయని చెప్పినప్పుడు కూడా మేము అంతగా భయపడలేదు. "వాళ్ళు చెప్తారు సార్, మనమెందుకు ఇయ్యాల?" అని వెనక బెంచీలోంచి ఎవరో గొణిగారు. ఆ గొణుగుడు నాకు చాలా న్యాయంగా తోచింది, ఎందుకంటే నేను మా అమ్మ కూతుర్ని.

మా అమ్మ గురించి చెప్పాలి. మాది చిత్తూరు. నాయన మామిడికాయల మండీలో తూకం దగ్గర పనిచేస్తాడు, ఇంట్లో నోరు తెరవడు. ఆ నోరు కూడా అమ్మకే ఇచ్చేశాడు. మా వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా బట్టలకు అమ్మను పిలుచుకుని పోతారు. అంగడి గడప తొక్కుతూనే, "కొనేదానికి కాదప్పా, సూసేదానికి వచ్చినాం" అంటుంది. బొటనవేలితో గుడ్డను నలుపుతుంది. కరెంటు లైటు గుడ్డను మాయ చేస్తుందని బయటికి తెచ్చి ఎండలో చూస్తుంది. ధర అడిగి, విని, ఎవరో జోకు చెప్పినట్టు నవ్వుతుంది. సగానికి అడుగుతుంది. అంగడాయన ఆకాశం వైపు చూస్తాడు. అప్పుడు అమ్మ లేస్తుంది. "పోదాం పామ్మే" అని నా చెయ్యి పట్టుకుని నడుస్తుంది.

ఆ నడకే ఆమె విద్య. వేగంగా నడిస్తే నిజంగా పోతున్నామనుకుంటారు, మరీ మెల్లగా నడిస్తే నాటకమని కనిపెడతారు. తల తిప్పకూడదు. చెవి మాత్రం వెనక్కి ఉండాలి. పక్క అంగడి గడప దాకా వచ్చేసరికి వెనక నుంచి "అక్కా, రాక్కా! నీ మాటా వద్దు, నా మాటా వద్దు, రా" అని కేక వస్తుంది. ఆ కేక రాకుండా మా ఇంట్లోకి వచ్చిన గుడ్డముక్క లేదు. ఒకవేళ పిలవకపోతే? అమ్మ వెనక్కి పోదు. నాకెంతో నచ్చిన పచ్చ పావడా అట్లా ఒక అంగడిలోనే ఉండిపోయింది. వారం రోజులు ఏడ్చాను. "పిలవని అంగడికి తిరిగి పోతే మన మొగం చెడతాది" అంది అమ్మ. ఫిక్స్‌డ్ రేటు అని బోర్డు పెట్టిన అంగళ్ళ ముందు నుంచి ఆమె పెడమొహం పెట్టుకుని నడుస్తుంది.

అటువంటి మనిషి జపానుకు ఒప్పుకుంటుందా? నాయన "మీ అమ్మను అడుగు" అన్నాడు. అమ్మ "ముసిలోళ్ళు ఈడ లేరా? మన వీధిలోనే యంతమంది లేరు" అంది. చేరాను. అమ్మ వద్దనలేదు, సరేననలేదు. ఇంట్లో అమ్మా నాయనా ఇద్దరూ ఒప్పుకుంటేనే పంపిస్తామని సంస్థ వాళ్ళు మొదటి రోజే చెప్పారు కాబట్టి, ఆ సరే అనే మాట కోసం నేను ఏడాదంతా ఆమె చుట్టూ తిరిగాను. అడిగినప్పుడల్లా "సూద్దాం లే" అనేది. అంగట్లో ఆ మాటకు అర్థం ఏమిటో నాకు తెలుసు.

ఇంటర్వ్యూ దగ్గర పడింది. జపాను నుంచి వీడియోలో చూస్తారట. నల్ల కోటు, నల్ల ప్యాంటు వేసుకోవాలన్నారు. "మంచి పనికి పోతా నల్లబట్టలా? ఎవురన్నా చచ్చినారా?" అని అమ్మ మండిపడింది. అయినా కోటు కొనేదానికి తానే వచ్చింది, ఎందుకంటే నన్ను ఒంటరిగా పంపిస్తే మోసపోతానని. చిత్తూరు బజారులో నలిపింది, ఎండలో చూసింది, నవ్వింది, లేచింది, నడిచింది, పిలిపించుకుంది. నాకు సరిపోయిన కోటు పక్కన పెట్టి, నాలాంటి ఇంకొకరు కూడా పట్టేంత కోటు తీసింది.

"అమ్మా, ఇది పెద్దది."

"గమ్మునుండు. లోపల స్వెట్టరు పట్టద్దా? ఆడ చలి" అని, ఏదో నోరు జారినట్టు ఆగి, అంగడాయన మీద అరవడం మొదలుపెట్టింది. గుండీ ఒకటి వదులుగా ఉందని. నేను ఏమీ విననట్టు నిలబడ్డాను. కానీ నా గుండె ఎగిరింది.

ఇంటర్వ్యూ రోజు బస్సులో కూడా "నేను సరే అనలా. సూసేదానికి వస్తా ఉండా, అంతే" అని గుర్తు చేసింది. లాడ్జి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తడి పంచెల మధ్య కూర్చుంది.

లోపల తెర మీద ఇద్దరున్నారు. ఒక పెద్దామె, పక్కన రాసుకునే ఆయన. సెన్సే సార్ మూలన నిలబడి, తనకే పరీక్ష అన్నట్టు చెమటలు పట్టి ఉన్నారు. నా పేరు, ఊరు, చదువు బాగానే చెప్పాను. అప్పుడు పెద్దామె చిరునవ్వుతో ఒక స్వెట్టరు ఎత్తి చూపించింది. నేను అంగడిదాన్ని, మీరు కొనడానికి వచ్చారు, మాట్లాడండి అంది. ఇది నాకు నోటికి వచ్చిన పాఠం. సంతోషం ఎక్కువైంది. చూపించండి అన్నాను. చూపించింది. ఎంతండీ అన్నాను. చెప్పింది.

అక్కడి నుంచి పుస్తకం పోయింది. భయంలో మనిషికి చదివింది గుర్తుండదు, పెరిగింది గుర్తుంటుంది. "తకాయ్ దెస్ నె," చాలా ఎక్కువండీ, అని నవ్వాను. అచ్చం అమ్మ నవ్వే. పెద్దామె "సుమిమాసెన్" అంది, అంటే క్షమించండి. మన దగ్గర అంగడివాడు క్షమించమన్నాడంటే మెత్తబడ్డాడని లెక్క. సగానికి అడిగాను. ఆమె మళ్ళీ, ఇంకా మర్యాదగా, తల వంచి మరీ సుమిమాసెన్ అంది. అయితే వద్దు లెండి అన్నాను. లేచాను. తల తిప్పకుండా, వేగమూ నిదానమూ కాని నడకతో, అంత పెద్ద కోటులో, తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను.

అమ్మ కుర్చీలోంచి లేచింది. ఆమెకు జపాను భాషలో ఒక్క ముక్క రాదు. నా నడక చూసి మొత్తం అర్థమైపోయింది.

"లేసి వచ్చేసినావా? ఎంత చెప్పినారు?" అంది. ఆ మొహంలో గర్వం నేను ఇప్పటికీ మరిచిపోలేను. మెడిసిన్‌లో సీటు వచ్చినా అంత గర్వపడేది కాదు.

ఇద్దరమూ తలుపు పక్కన నిలబడి చెవులు వెనక్కి పెట్టాం. ఫ్యాను చప్పుడు. కింద ఎవరో వేడినీళ్ళు రాలేదని లాడ్జి మేనేజరుతో పోట్లాడుతున్నారు. లోపలి నుంచి ఏమీ లేదు. సందులోంచి చూశాను. తెర మీద ఆ ఇద్దరూ నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా ఖాళీ కుర్చీని ఎంతో గౌరవంగా చూస్తున్నారు. సెన్సే సార్ మూల నుంచి రా రా అని చేతులు ఊపుతున్నారు. కానీ ఆయన అంగడి మనిషి కాదు కదా, ఆయన పిలుపు చెల్లదు.

"పిలస్తారు, ఉండు" అంది అమ్మ.

అప్పటికి నాకు తెలివి వచ్చింది. "వాళ్ళు పిలవరమ్మా" అన్నాను. "వద్దని లేచిపోయినోళ్ళను వెనక్కి పిలిచేది వాళ్ళకు మర్యాద కాదంట. సార్ చెప్పినాడు. నేనే మర్చిపోయినా."

"ఎప్పుటికీ పిలవరా?"

"పిలవరు."

అమ్మ నన్ను చూసింది. తలుపును చూసింది. ఆమె ఏమీ చెయ్యనక్కర్లేదు. "పోదాం పామ్మే" అని నా చెయ్యి పట్టుకుంటే చాలు, ఏడాదిగా ఆమె కోరుకున్నది అయిపోతుంది. నేను చిత్తూరులోనే ఉంటాను. ఆమె మీద ఎవరూ తప్పు పెట్టలేరు, నేను కూడా. నా విద్యే నన్ను ముంచింది. ఆ సంగతి నాకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. చెయ్యి పట్టుకోవడానికే అన్నట్టు ముందుకు కూడా వచ్చింది.

వచ్చి, కోటు భుజాలు సరిచేసింది. పెద్ద కోటు కదా, ఒక పక్కకు జారిపోయి ఉంది.

"ఎనక్కి పో" అంది. "పొయ్యి తీసుకో. వాళ్ళు చెప్పిన రేటుకే."

నేను కదల్లేదు. "పోమ్మే!" అని తోసింది.

లోపలికి పోయాను. ఎట్లా క్షమించమనాలో జపాను మాటలు వెతుక్కుంటూ కుర్చీ దాకా వచ్చేసరికి తెర మీద పెద్దామె లేచి నిలబడింది. నన్ను ఎప్పుడూ చూడనట్టు, అప్పుడే అంగడి తీసినట్టు, నడుము దాకా వంగి "ఇరాషైమాసె" అంది. పక్కన రాసుకునే ఆయన నవ్వాపుకోలేక కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను పుస్తకంలో ఉన్నట్టే అడిగాను, ఉన్నట్టే విన్నాను. "కొరె ఒ కుదసాయ్" అన్నాను. చేతికందని స్వెట్టరును, లేని డబ్బుతో, మా వంశంలో ఎవరూ ఇవ్వని పూర్తి ధరకు కొన్నాను.

తీసుకుంటున్నామని ఆ పెద్దామె అప్పుడే చెప్పింది. సెన్సే సార్ కళ్ళు తుడుచుకున్నారు. నేను పరుగెత్తుకుని బయటికి వచ్చాను. అమ్మ తడి పంచెల మధ్య నిలబడే ఉంది.

"ఇచ్చినారా?"

"ఇచ్చినారు."

"ఎంతకు?"

"చెప్పిన రేటుకే."

"మోసపోయినావు మే" అంది అమ్మ. అని, లాడ్జి మెట్ల మీదే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.