ఉప్పు బంద్

ఈమధ్య ఎల్‌బీ నగర్‌లోని మా ప్రభుత్వ క్వార్టర్లకు ఆరోగ్య కేంద్రం సిస్టర్ వారం వారం వచ్చి బీపీ చూస్తోంది. మా బ్లాకు వాళ్ల రీడింగులు రాసిపెట్టే పని నాది. కింది ఇంటి యాదమ్మ బీపీ నెలైనా దిగలేదు. ఇవాళ డాక్టరుతో చెప్పి మాత్ర పెంచిస్తానంది సిస్టర్. నేను నోటుపుస్తకం తిరగేసి, "పెద్దమ్మా, మొదటి వారమే ఉప్పు బంద్ అని సిస్టర్ చెప్పింది కదా, చేశారా?" అనడిగాను.

"చేసిన బిడ్డా! గా దినం పొద్దుగాల ఆరింటి నుంచి మాపటికి ఆరు దాక ఒక్క రవ్వ ముట్టలే. ఆరు కొట్టంగనే తొక్కేసుకొని తిన్న."

సిస్టర్‌ది గుంటూరు. ఇక్కడి మాటలో చెబితే బాగా తెలుస్తుందని 'బంద్' అందట. తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ అంటే సాయంత్రానికి ఎత్తేసేదే కదా మరి!

"ఇది నిరవధిక బంద్ పెద్దమ్మా!" అంది సిస్టర్ తల పట్టుకుని.

యాదమ్మ తలూపింది. "గట్లనే చేస్త. గని బంద్‌ల పాలకు, దవాఖానకు మినహాయింపు ఉంటది గద. నా మామిడికాయ తొక్కుకు గూడ జర ఇయ్యరాదు?"

ఇవ్వలేదు. మాత్ర పెంచడం వచ్చే వారానికి వాయిదా పడింది, ఆ తొక్కు పచ్చడి జాడీ నా కాపలాలోకి వచ్చింది. మధ్యాహ్నం నుంచి రెండుసార్లు మూత తీశాను. ఇప్పుడు నా బీపీ ఎవరు రాస్తారో చెప్పండి?