తోడికోడలి మాన్యువల్

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత ఎవరు కట్టారో గానీ, వాళ్ళింట్లో ఒక తోడికోడలు ఉండే ఉంటుందని ఈ కథలో పెద్దకోడలి నమ్మకం. ఆఫీసులో ఆవిడని కామాలక్క అంటారు. ఎవరు ఏం రాసి తెచ్చినా ముందు కామాలు సరిచేస్తుంది, ఆ తర్వాతే కూర్చోమంటుంది. పాటను అక్షరాలూ అంకెలూ కలిపి కోడ్‌గా రాసిస్తే, దాన్ని స్వరాల్లోకి మార్చి వినిపించే సాఫ్ట్‌వేర్ వాళ్ళ కంపెనీది. దానికి మాన్యువల్ రాసింది ఆవిడే. ఏళ్ళ తరబడి సంగీతం మాస్టర్లు అది చదివే పని నేర్చుకున్నారు.

అదే ఆఫీసులో చిన్నకోడలికి ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే. ఏకు మేకై కూర్చోవడమంటే అదే. ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌ని మాస్టర్ల కంటే ఏఐ ఏజెంట్లే ఎక్కువ వాడుతున్నాయి. పని చెబితే చాలు, మాన్యువల్ తామే చదువుకుని చేసుకుపోయే రకం అవి. వాటికి బొమ్మలూ కబుర్లూ దండగని చిన్నకోడలు పాతదాన్ని తిరగరాసి సగానికి సగం కుదించింది. మేనేజర్ మురిసిపోయాడు. ఇంట్లో అత్తగారు, "చిన్నది చూడు, నాలుగు ముక్కల్లో తేల్చేస్తుంది. నిన్ను ఉప్పందివ్వమన్నా ఉపోద్ఘాతం చెబుతావు" అంది. ఆ పూట పెద్దకోడలికి అన్నం సయించలేదు.

కొత్త మాన్యువల్ పనికొస్తుందో లేదో తేల్చే పని మేనేజర్ మళ్ళీ ఆవిడకే అప్పగించాడు.

"మీ ఇంటి మనిషని మొహమాటపడకండి మేడమ్. బాగుంటే పాతది తీసేసి ఇదే పెడదాం."

మొహమాటమట! పాతది పోతే మొదటి పేజీలో ఉన్న ఆవిడ పేరూ పోతుంది. బంధువులందరికీ చూపించుకున్న పేరు అది.

తలుపేసుకుని చదివింది. ఒక్క కామా తప్పిపోలేదు. తనకు పేజీ పట్టిన సంగతి ఆ పిల్ల రెండు వాక్యాల్లో చెప్పింది. బాగుంది. బాగుండటమే ఆవిడ బాధ. కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో చెయ్యి తిరిగిన మనిషికి ఒక్క ఈకా దొరక్కపోతే ఎంత అవమానం!

చివరికి ఏజెంట్‌కి ఆ మాన్యువల్‌తో పాటు ఒక జోలపాట రికార్డింగ్ ఇచ్చి, కోడ్ రాయమంది. అది రాసిన కోడ్‌ని సాఫ్ట్‌వేర్ మార్చి వినిపించింది. పాట చక్కగా మొదలైంది. గాయని ఊపిరి తీసుకోవలసిన చోటికి వచ్చేసరికి, స్వరం ఆగకుండా అమాంతం పైకి గెంతింది. మళ్ళీ ఊపిరి, మళ్ళీ గెంతు. ఆ జోలకి నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చుంటారు. పెద్దకోడలికి వెతకబోయిన తీగ కాలికి తగిలింది. కడుపారా నవ్వుకుని, 'పనికిరాదు, జోలపాట గావుకేక అయింది' అని రాసి మేనేజర్‌కి పంపేసింది. తప్పెక్కడుందో ఆ తర్వాత తీరిగ్గా వెతికింది.

దొరికింది. 'రెండు స్వరాల మధ్య విరామం ఎంతో అంకెతో చూపాలి.'

ఆవిడ నవ్వు ఠక్కున ఆగిపోయింది. అది తన వాక్యమే. రెండు స్వరాల ఎత్తులో ఉండే తేడాని ఇంగ్లీషులో ఇంటర్వెల్ అంటారు. ఆ మాటని తెలుగు చేసిన రోజున ఆవిడకి ఇంటర్వెల్ అనగానే సినిమాహాలే తట్టింది, విరామం అని రాసేసింది. మాస్టర్లు పక్కనున్న బొమ్మ చూసి సరిగ్గానే అర్థం చేసుకున్నారు. బొమ్మ పోయాక ఏజెంట్‌కి మాటొక్కటే మిగిలింది. విరామమంటే ఆగడమే కదా అని, ఆగాల్సిన చోటల్లా అంకె వేసింది. సాఫ్ట్‌వేర్ ఆ అంకె ప్రకారం స్వరాన్ని పైకెత్తింది.

తేలుకుట్టిన దొంగలా వెళ్ళి చిన్నకోడలి బల్ల దగ్గర నిలబడింది. "ఈ వాక్యం ఎందుకు మార్చలేదే?"

"అనుమానం వచ్చిందక్కా. అంతరం అనాలేమో అనుకున్నా. మీరు రాసింది కదా, మీకు తెలీకుండా ఉంటుందా అని అలాగే ఉంచేశా."

అంతలో మేనేజర్ విసవిసా వచ్చాడు. "ఏంటమ్మా, జోలపాటని గావుకేక చేశారట? ఎవరు చూసుకోవాలి ఇదంతా?"

చిన్నకోడలు అక్క వైపు చూడనైనా చూడలేదు. "నేనే సార్. తప్పు నాదే."

పెద్దకోడలు ఊరుకుంటే సరిపోయేది. పాత మాన్యువల్ ఉండేది, పేరూ ఉండేది. కానీ ఆవిడ కడుపు భగ్గుమంది. తెలివి దానిదే, మెప్పు దానిదే. ఇప్పుడు మంచితనం కూడా దానికేనా? తను బతికినన్నాళ్ళూ ఈ పిల్ల మంచితనం ముందు తలొంచుకు తిరగాలా?

"దాని మొహం! తప్పు నాది సార్" అంది గట్టిగా. "ఆ మాట నా పాత మాన్యువల్‌లోది. అంతరం అని మారిస్తే మిగతాదంతా బంగారం. అదే పెట్టండి."

చిన్నకోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మీది ఎంత పెద్ద మనసు మేడమ్!" అన్నాడు మేనేజర్.

దీని మనసు కంటేనా అని అడగబోయి, పెద్దకోడలు నోరు నొక్కుకుంది.

సీటుకి వెళ్ళి, పాత మాన్యువల్ మొదటి పేజీని తెచ్చి కొత్తదాని ముందు పెట్టింది. ఇంటిపేరు ఇద్దరిదీ ఒకటే. దాన్ని అలాగే ఉంచి, పక్కనున్న తన పేరు చెరిపి, తోడికోడలి పేరు కొట్టింది.