అమ్మ నెత్తి మీద ఒట్టు

ఆ రోజు ఉప్పల్‌లో ఫ్లైఓవర్ పనుల దగ్గర మా నాచారం బస్సు ఇరుక్కుపోయింది. దిగడానికి కూడా చోటు లేదు. నా పక్కన ఒక తల్లి, పదేళ్ల లావుపాటి కూతురు.

"అమ్మా, ఆకలైతుంది."

"మధ్యల తిననని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసినవ్ గద!" అని తల్లి నావైపు తిరిగింది. "ఎండకాలంల మస్తు తగ్గింది సార్. మల్ల గంతే అయింది. బరువు తగ్గితే ఆకలి హార్మోన్ పెరుగుతదని డాక్టర్ జెప్పిండు. గట్లని ఊకుంటమా?"

నాకు ఒళ్లు మండింది. రక్తంలో పుట్టే ఆకలికి తల్లి ప్రాణాన్ని జామీను పెట్టించడమా?

"ఒట్టు తప్పితే ఎవరికీ ఏమీ కాదమ్మా," అన్నాను పిల్లతో.

"మొన్న నేను దొంగతనంగ బిస్కెట్ తిన్న. గందుకే గద అమ్మకు జరమొచ్చింది?"

తల్లి ఆ పిల్ల చేతిని తన నెత్తిన పెట్టుకుని, "ఒట్టు తీసేసిన బిడ్డా, తిను," అంటూ టిఫిన్ డబ్బాలోని ఉడికిన గుడ్డు ఇచ్చింది.

వాదనలో గెలిచాననుకున్నాను. బస్సు ఇంకా కదల్లేదు. గుడ్డు కొరికిన ప్రతిసారీ పిల్ల తన తల్లి నుదురు తాకి చూస్తూనే ఉంది.